ఇంజను చివర చూడాలి

నలభై ఏళ్లకు పైగా కార్లు విప్పి బిగించాను. చిలకలూరిపేటలో హైవే పక్కన ఒక షెడ్డులో పని నేర్చుకున్నాను. గుంటూరులో ఒక షోరూమ్ సర్వీసు విభాగంలో కొన్నేళ్లు ఫోర్‌మన్‌గా ఉన్నాను. చివరికి ప్రత్తిపాడులో సొంత షెడ్డు పెట్టుకుని, మోకాళ్లు మొరాయించేదాకా నడిపాను. ఇప్పుడు షెడ్డు లేదు. పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పాల్సిన మాటలు కొన్ని మిగిలాయి, అందుకే ఇది రాస్తున్నాను.

ఏ నట్టు ఎంత బిగించాలో నేను చెప్పక్కర్లేదు. ఫోను తెరిస్తే వంద వీడియోలున్నాయి. నేను ఏ ఏడాది ఏమయ్యానో, ఎవరు ఏం సర్టిఫికెట్ ఇచ్చారో మీకు అనవసరం. నేను చెప్పదలుచుకున్నది ఒక్క ప్రశ్న గురించి. పాత కారు తోలుకొచ్చి, చెమట తుడుచుకుంటూ ఒక మనిషి అడుగుతాడు: బాగు చేయిద్దామా, తీసేద్దామా? మన వృత్తి మొత్తంలో ఇంతకంటే పెద్ద ప్రశ్న లేదు. ఈ ప్రశ్నకు మనవాళ్లు చెప్పినన్ని అబద్ధాలు ఇంకే ప్రశ్నకూ చెప్పరు.

కొత్త కారు అమ్మేవాడు తీసెయ్యమంటాడు. పాత ఇనుము కొనేవాడూ తీసెయ్యమంటాడు. షెడ్డువాడు బాగు చేయిద్దామంటాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు. ఎవడి ముక్కుతో వాడు పొడుస్తాడు. ఆ మనిషికి ఆ కారుతో ఏం అవసరముందో, రేపు అందులో ఎవరు కూర్చుంటారో అడిగేవాడు ఉండడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండే విషయం ఇదే.

అయితే నేనేదో సత్యహరిశ్చంద్రుణ్ణని అనుకోకండి. నేను లాభం కోసం అబద్ధం చెప్పలేదు గానీ, ఇంకో కారణంతో అంతకంటే దారుణంగా తప్పు చెప్పాను. ఒకే కారు గురించి, ఒకే మనిషి నోటి నుంచి, ఆ ప్రశ్న నేను మూడుసార్లు విన్నాను. ఆ మూడుసార్లూ ఏం జరిగిందో చెబుతాను.

కడిగిన పాపం

ఆ మనిషి కోటయ్య గారు. ప్రత్తిపాడు దగ్గర పల్లె. నాలుగెకరాలు సొంతం, ఇంకో ఆరెకరాలు కౌలు. పత్తి, మిరప వేసేవారు. నేను చిలకలూరిపేట షెడ్డులో ఉన్న రోజుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర పాత డీజిల్ కారు కొన్నారు. గుండ్రటి ముక్కు, లావుపాటి రేకు, తెల్ల రంగు. అప్పట్లో సర్కారు ఆఫీసుల ముందు అలాంటివే ఉండేవి కాబట్టి మీరు ఫొటోల్లోనైనా చూసుంటారు.

ఆ కారు మీద ఆయనకు ఎంత మోజో చెప్పలేను. అందులో ఎరువు బస్తాలు కూడా అంత మోజుగానే తెచ్చేవారు. వెనక సీటు ఊడదీసి ఇంట్లో పెట్టి, యూరియా, పొటాష్ బస్తాలు పేర్చుకుని చేలోకి తోలేవారు. మా ప్రాంతంలో ఇది ఆయన ఒక్కరే చేసిన పని కాదు. ట్రాక్టరు దొరకదు, ఆటోవాడు బురదలోకి రానంటాడు, అదునులో ఎరువు పడకపోతే పంట పోతుంది. కారున్న ప్రతి రైతూ ఏదో ఒకరోజు ఆ పని చేసినవాడే.

బస్తాలన్నాక కారతాయి. నాలుగు గింజలు మ్యాటు కిందకి పోతాయి. అంతవరకే అయితే పెద్ద నష్టం లేదు. కోటయ్య గారు మహా శుభ్రమైన మనిషి. బస్తాలు దింపిన సాయంత్రమే అదే కారులో భార్యను ఎక్కించుకుని అమరావతి గుడికో, పేరంటానికో వెళ్లాలి. అందుకని బోరు దగ్గర కారు ఆపి, పైపుతో లోపల నీళ్లు కొట్టి కడిగేవారు. ఎరువు గింజ పొడిగా ఉంటే ఊడ్చేస్తే పోతుంది. నీళ్లు తగిలితే కరిగి, రేకుల అతుకుల్లోకి దిగి అక్కడే కూర్చుంటుంది. ఇక ఆ ఉప్పు కొరికినట్టు ఎలుక కూడా కొరకలేదు. ఊడ్చిన సోమరి కారు బతికింది, కడిగిన బుద్ధిమంతుడి కారు పోయింది. ఈ న్యాయం ఏమిటో నాకు అర్థం కాదు.

మస్తాన్ గారు

నాకు పని నేర్పిన మేస్త్రి పేరు మస్తాన్. షెడ్డు ఆయనదే. మాట పడితే ఒప్పుకునే రకం కాదు, రెండో మాట చెప్పే రకమూ కాదు. కోటయ్య గారు కారు తెచ్చి, నడుస్తుంటే వెనక నుంచి కిర్రుమంటోందని, ఎవరో అమ్మేయమన్నారని చెప్పి, మొదటిసారి ఆ ప్రశ్న అడిగింది ఆయన్నే.

మేం బానెట్ ఎత్తబోయాం. మస్తాన్ గారు నా చెయ్యి పట్టి లాగేశారు. ముందు కారులో ఉన్నవాళ్లందరినీ దిగమన్నారు. కోటయ్య గారి భార్య నాగరత్నం పిన్ని ముందు సీట్లో కూర్చుని ఉంది. ఆమెను కూడా దిగమని, స్టూలు వేయించి, మజ్జిగ తెప్పించారు. తర్వాత సీట్లు ఊడదీయించారు. రబ్బరు మ్యాటు, దాని కింద గోతాం, దాని కింద పాత చాప, అన్నీ తీయించి బయట పడేయించారు. మొండి స్క్రూడ్రైవర్ ఒకటి పట్టుకుని, నేల రేకు మీద జానెడుకొక పోటు పొడుస్తూ మూల నుంచి మూలకి వెళ్లారు. రెండుచోట్ల స్క్రూడ్రైవర్ దిగబడింది. తర్వాత కారు కిందకి దూరి, వెనక బరువు మోసే కమాన్ పట్టీలను బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్ల చుట్టూ పొడిచారు. అక్కడ దిగలేదు. గంటన్నర పట్టింది. అప్పుడు గానీ బానెట్ ఎత్తనివ్వలేదు.

కోటయ్య గారికి విసుగొచ్చింది. ఇంజను వినకుండా ఈ చాపలు ఎత్తడం ఏమిటని అడిగారు.

"ఇంజను చివర చూడాలి కోటయ్య గారూ," అన్నారు మస్తాన్ గారు. "అది ముందే వింటే మనసు దాని మీదకి పోద్ది. ఇంకేం కనపడవు."

ఆ రెండు చోట్లా రేకు కోసి, కొత్త ముక్క వేసి వెల్డింగ్ చేశాం. కారు బాగు చేయించదగ్గదేనని చెప్పారు. ఎరువు వేయొద్దని, వేసినా పొడిగా ఊడ్వమని, నీళ్లు కొట్టొద్దని కూడా చెప్పారు. కోటయ్య గారు నవ్వి, ఎరువు వాసనతో గుడికెలా పోతానన్నారు. చెప్పాల్సింది చెప్పాక బతిమాలే అలవాటు మస్తాన్ గారికి లేదు.

ఆయన పద్ధతి మొత్తం నా కళ్లముందు జరిగింది. నేను నేర్చుకోలేదని ఎవరూ అనలేరు. నేర్చుకున్నాను. అందుకే నా మీద నాకు అంత కోపం.

షోరూమ్ మేనేజరు

మస్తాన్ గారు పోయాక గుంటూరు వెళ్లాను. షోరూమ్ పేరు చెప్పను, అక్కడి మేనేజరు పేరూ చెప్పను. చల్లటి గది, టై, తియ్యటి మాట. పైన పటారం లోన లొటారం అంటే ఎలా ఉంటుందో ఆయన్ని చూసే తెలుసుకున్నాను. సర్వీసుకు వచ్చిన ప్రతి పాత కారునూ ఆయన రోగిని చూసినట్టు చూసేవాడు. బానెట్ ఎత్తడు, కిందకి వంగడు. కొన్న ఏడాది అడిగి, తలాడించి, "దీని పనైపోయిందండీ" అనేవాడు. పాతది ఇచ్చి కొత్తది తీసుకోమని కాగితం ముందు పెట్టేవాడు.

కోటయ్య గారు నా మీద నమ్మకంతో కారు అక్కడికి తెచ్చారు. మేనేజరు ఆయన్ని గదిలో కూర్చోబెట్టి, కింద ఫ్రేము పోయిందని, రోడ్డు మీద విరిగిపోతుందని భయపెట్టాడు. నేను అంతకు ముందే కారు పైకి లేపి చూశాను. ఫ్రేముకు ఏమీ కాలేదు. నేల మీద కొత్తగా తుప్పు మొదలైంది గానీ, ఇంకా సమయం ఉంది.

కోటయ్య గారు నా వైపు తిరిగి రెండోసారి ఆ ప్రశ్న అడిగారు. "నువ్వు చెప్పు అబ్బాయ్, తీసేద్దామా?"

మేనేజరు నా మొహంలోకి చూశాడు. నేను నేల చూశాను. సారు చెప్పారు కదా అని గొణిగాను. ఆ గొణుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. బయట టీ కొట్టు దగ్గర ఆయన్ని పట్టుకుని, బాబాయ్, కారు ఇవ్వకండి, బాగానే ఉంది అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఆ మాట లోపలే చెప్పొచ్చుగా," అన్నారు.

కారు ఇవ్వలేదు. అయితే అంతసేపు కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ తాగించిన మనిషికి ఊరికే కాదనడానికి మొహమాటపడ్డారు. మా జనానికి ఈ జబ్బు ఉంది. పోనీ కింద తారు కోటింగ్ అయినా వేయించుకోండి, తుప్పు పట్టదు అని మేనేజరు అంటే సరేనన్నారు. కారు అడుగంతా నీళ్లతో కడిగించాం. ఒక రోజు ఎండనిచ్చి వేయాలి. సాయంత్రానికి కారు ఇచ్చెయ్యాలన్నాడు మేనేజరు. తడి ఆరకుండానే తారు కొట్టించాను. నేనే నిలబడి కొట్టించాను. పైనుంచి ఎరువు ఉప్పు, కింద తారు, మధ్యలో తడి. రేకును చంపడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు.

అక్కడ నేను ఉద్యోగం మానేసింది వేరే సంగతి మీద. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి కారును ఇదే మేనేజరు తుక్కు కింద తీసుకున్నాడు. రెండు నెలల తర్వాత ఆ కారే కొత్త రంగు వేసుకుని, వెనక గేటు నుంచి ఇంకొకరికి అమ్ముడుపోయింది. రంగు వేసిన షెడ్డు మాదే. ఆ రోజే పాన పక్కన పెట్టి బయటికి వచ్చేశాను.

మంచి పేరు చేసిన కీడు

ప్రత్తిపాడులో షెడ్డు పెట్టాక నాకొక పేరు వచ్చింది. దానియేలు ఏ బండినీ తీసెయ్యమనడు, ఎలాంటి బండినైనా నడిపిస్తాడు అని. విని పొంగిపోయేవాణ్ని. ఎవరైనా తన కారును తీసెయ్యమన్నారని చెబితే చాలు, ఆ మేనేజరు టై నా కళ్లముందు ఆడేది. కారు చూడకముందే బాగు చేద్దామన్న మాట నోట్లో తయారుగా ఉండేది. ఆయన కారు చూడకుండా తీసెయ్యమన్నాడు, నేను చూడకుండా వద్దన్నాను. ఇద్దరికీ తేడా ఏమిటో మీరే చెప్పండి.

నాగరత్నం పిన్నికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు గుంటూరులో డయాలసిస్. పొద్దున్నే వెళ్లి, నాలుగు గంటలు మిషను మీద ఉండి, మధ్యాహ్నానికి వడలిపోయి వచ్చేది. బస్సులో నిలబడలేదు. ఆటోలో ఆ కుదుపులకు ఆగలేదు, వాంతులు. ఆమె పడుకుని వెళ్లగలిగింది ఆ పాత కారు వెనక సీట్లోనే. కోటయ్య గారు సీటు మీద పరుపు వేసి, రెండు దిళ్లు పెట్టి, కిటికీకి పాత చీర కట్టారు. కారు ఆగితే ఆమె వైద్యం ఆగుతుంది. అంతకంటే ఇంకేం చెప్పాలి?

కారు రిజిస్ట్రేషన్ మళ్లీ రెన్యువల్ చేయించాల్సిన గడువు దగ్గరికి వచ్చింది. ఊళ్లో అందరూ ఇక వదిలెయ్యమన్నారు. పాత ఇనుము కొనేవాడు ఏకంగా ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి తిరిగి వస్తూ కోటయ్య గారు కారు నా షెడ్డు ముందు ఆపారు. మూడోసారి.

"అందరూ తీసెయ్యమంటన్నారు అబ్బాయ్. నువ్వేమంటే అదే."

వెనక పిన్ని పడుకుని ఉంది. చేతికి కట్టు, మూసిన కళ్లు. ఆమెను లేపి, దింపి, పరుపు తీసి, మ్యాట్లు ఎత్తాలి. ఎండ మండిపోతోంది. ఎందుకులే అనుకున్నాను. ఆమె మీద జాలి అనుకున్నాను. బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టమన్నాను.

ఆ ఇంజను ఎలా పలికిందో ఏం చెప్పను? మస్తాన్ గారి కాలంలో నేను బిగించిందే. పొగ లేదు, దడ లేదు. వింటుంటే ఛాతీ విప్పారింది. ఇక నాకు ఏమీ కనపడలేదు.

"ఈ ఇంజన్ని తీసెయ్యమన్నవాణ్ని నా దగ్గరికి తీసుకురండి బాబాయ్. ఇంకో పదేళ్లు తిరుగుద్ది," అన్నాను, షెడ్డులో ఉన్నవాళ్లందరికీ వినపడేలా.

మరుసటి రోజు డయాలసిస్ లేదు. కారు రోజంతా నా షెడ్డులోనే ఉంది, అందులో ఎవరూ లేరు. అప్పుడైనా పరుపు తీసి మ్యాటు ఎత్తొచ్చు. ఎత్తలేదు. పదేళ్లని నలుగురిలో అనేశాను కదా, ఆ మాటను కాదనేది ఏదీ వెతకబుద్ధి కాలేదు. నాజిల్స్ మార్చాను, బ్రేకులు కొత్తవి వేశాను, టైర్లు మార్పించాను. కిందకి వంగి చూస్తే తారు నల్లగా, నున్నగా ఉంది. పానతో కొట్టాను. టంగుమనాల్సింది దబ్బుమంది. తారు మందంగా ఉందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఆ తారు ఎలా వేసిందీ నాకంటే బాగా ఎవరికి తెలుసు?

గుంటూరు రోడ్డు

ఐదు వారాలు తిరిగింది. మిరప సీజను. యార్డుకు పోయే టిక్కీల, అంటే మిరప బస్తాల, లారీలతో గుంటూరు రోడ్డు నిండిపోయి ఉంది. లారీల వెనక నిదానంగా పోతుండగా, వెనక కుడివైపు కమాన్ బ్రాకెట్ బాడీ నుంచి ఊడివచ్చింది. బ్రాకెట్ విరగలేదు. దాన్ని పట్టుకున్న రేకే చిరిగింది. కారు వెనక భాగం ఒరిగి, చక్రం అడ్డం తిరిగి, మార్జిన్‌లోకి జారి ఆగింది. వేగంగా పోతుంటే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పిన్ని సీటు మీంచి జారి కింద పడింది. భుజానికి దెబ్బ తగిలింది.

ఫోను రాగానే మోటారు సైకిలు మీద వెళ్లాను. లారీలు కదలడం లేదు. ఆమెను రోడ్డు పక్క మిరప బస్తాకు ఆనించి కూర్చోబెట్టారు. ఎవరో లారీ డ్రైవరు గొడుగు పట్టాడు. కోటయ్య గారు అంబులెన్స్ కోసం ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నారు. కారు ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. కంగారులో ఆయన కట్టెయ్యలేదు. పొగ లేదు, దడ లేదు. నేనే వెళ్లి ఆపేశాను.

చివరికి ఆటోలో తీసుకెళ్లాం. రెండు గంటలు ఆలస్యం. ఆమె వంతు మిషను ఇంకొకరికి ఇచ్చేశారు, అది వాళ్ల తప్పు కాదు. సాయంత్రానికి ఊపిరి అందక ఆయాసం ఎక్కువైంది. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఆ రెండు రోజులూ ఆస్పత్రి మెట్ల మీద నేను ఏం మొక్కుకున్నానో నాకూ దేవుడికీ తెలుసు. బతికింది.

మూడో రోజు కారును షెడ్డుకు లాక్కొచ్చాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు పరుపు తీశాను, మ్యాటు తీశాను, గోతాం తీశాను, చాప తీశాను. కింద తెల్లటి ఉప్పు పొర. స్క్రూడ్రైవర్ పెడితే ఉడికిన చిలగడదుంపలోకి దిగినట్టు దిగింది. మస్తాన్ గారు అతికించిన రెండు ముక్కలు మాత్రం గట్టిగా ఉన్నాయి. వాటి చుట్టూ నేల లేదు, తారు పొర మాత్రమే ఉంది. ఐదు వారాలు పిన్ని ఆ తారు పొర మీద పడుకుని ఆస్పత్రికి వెళ్లొచ్చింది.

కోటయ్య గారు పక్కనే నిలబడి చూశారు. ఈసారి అడగలేదు. నేనే చెప్పాను, తీసెయ్యండి బాబాయ్ అని. ఆయన తలూపి, పరుపు దులిపి, మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు సగం బరువు తగ్గేది.

కాబట్టి

మీకు నేను చెప్పేది వినండి. బాగు చేయడానికి అయ్యే ఖర్చు కారు ధర కంటే ఎక్కువైతే తీసెయ్యమని ఒక లెక్క చెబుతారు. ఆ లెక్క చెప్పేవాడికి కారు ఒక సరుకు. కోటయ్య గారికి అది సరుకు కాదు, కాబట్టి ఆ లెక్క ఆయనకు పనికిరాదు. అలాగని, పాతదంతా బంగారం, కొత్తదంతా రేకు అని గొప్పలు పోయేవాళ్ల మాటా వినకండి. వాళ్లలో నేనొకణ్ని. ఇంజను, గేర్‌బాక్సు, బ్రేకులు, అన్నీ మార్చుకోవచ్చు. కమాన్లు, స్టీరింగు ఏ రేకును పట్టుకుని వేలాడుతున్నాయో ఆ రేకు పోతే, అందులో కూర్చునేవాళ్లెవరో ఒకసారి గుర్తు తెచ్చుకుని, తీసెయ్యమని గట్టిగా చెప్పండి. తీసెయ్యమన్నాక వాళ్లు రేపు ఎలా వెళతారో కూడా అడగండి. అడగకపోతే మీ మాట సగమే.

తారు వేయమంటే ముందు ఎండబెట్టండి. తుప్పు మీద లప్పం పూసి రంగు కొట్టమని ఎవడైనా అంటే, వాడు మీకు జీతమిచ్చేవాడైనా సరే, మేం చెయ్యం అని చెప్పండి. తుక్కుకు ఇచ్చిన కారు రిజిస్ట్రేషన్ రద్దు చేయించేదాకా యజమానిని వదలకండి, లేకపోతే ఆ నంబరు ఇంకో బండి మీద తిరుగుతుంది. మంచి పేరు వస్తే జాగ్రత్త పడండి. నోరు జారాక వెనక్కి తీసుకోలేమని అందరికీ తెలుసు, కానీ నలుగురు మెచ్చుకుంటుంటే నోరు జారిందన్న సంగతే తెలియదు.

షెడ్డు ఆ ఏడాది మూసేశాను. మోకాళ్లని అందరికీ చెప్పాను.

పిన్ని ఆస్పత్రి నుంచి వచ్చాక వారానికి మూడు రోజులు నా కారులో నేనే తీసుకెళ్లాను. కోటయ్య గారు మొదట వద్దన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. మొదటి రోజు ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టాం. ఆయన నా పక్కన కూర్చున్నారు. సగం దారిలో నేనే ఉండబట్టలేక, ఆ రోజు ఎండలో నిన్ను లేపలేక మ్యాటు ఎత్తి చూడలేదు పిన్నీ, తప్పయిపోయింది అన్నాను.

వెనక నుంచి మెల్లగా ఆమె గొంతు వినిపించింది.

"దిగమంటే దిగేదాన్నిగా అబ్బాయ్. జబ్బు మనిషినైతే మాత్రం, నా ప్రాణం కోసం కాసేపు ఎండలో నిలబడలేనా?"